ఒక్క మనిషి, 60 రోజుల డైరీ: సొంత ఆరోగ్య లెక్కల్లో నిజమెంత, కాకతాళీయమెంత

మా పెదనాన్నకు బీపీ ఉందని తేలినప్పటి నుంచి పొద్దున్నే కాఫీ తాగి, చేతికి మిషన్ కట్టుకుని, వచ్చిన అంకెను పాత డైరీలో రాసుకోవడం అలవాటైంది. (కాఫీ తాగాక కనీసం అరగంట ఆగి బీపీ చూసుకోవాలన్నది వేరే గొడవ.) రెండు నెలలు గడిచాక ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టారు. అమెరికా నుంచి ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, ఫోన్ చేసిన రోజు తన బీపీ పెరుగుతోందట. "వాడు ఉద్యోగం సంగతులు చెబుతాడు, నాకు టెన్షన్ వస్తుంది, అంతే" అని తేల్చేశారు. ఆ డైరీ పట్టుకెళ్ళి చూపిస్తే ఒక కుర్ర డాక్టరు నవ్వి, "ఒక్క మనిషి లెక్కతో ఏమీ చెప్పలేం అండీ" అన్నాడట.

నాకు ఇద్దరి మాటా మింగుడు పడలేదు. 60 రోజుల అంకెలు ఉంటే ఏమీ చెప్పలేమనడం ఎలా కుదురుతుంది? అలాగని పెదనాన్న చెప్పినంత ధైర్యంగా చెప్పగలమా? ఇప్పుడు డైరీ కూడా అక్కర్లేదు. చేతి గడియారమే నిద్రనూ అడుగులనూ గుండె వేగాన్నీ లెక్కపెట్టి, "నిద్ర తగ్గిన రోజుల్లో మీ ఒత్తిడి ఎక్కువగా ఉంది" అని మెసేజ్ పెడుతోంది. ఆ ఒక్క వాక్యం వెనక గణాంకశాస్త్రంలో చాలా పాత తగాదాలు ఉన్నాయి.

అడ్డంగా కోస్తే ఒకటి, నిలువుగా కోస్తే ఇంకొకటి

నిద్ర, ఒత్తిడి, నొప్పి, వ్యాయామం, మందులు వేళకు వేసుకోవడం లాంటి వాటిలో మనసుకూ ఒంటికీ ఉన్న ముడిని చూసే శాఖను ఆరోగ్య మనస్తత్వశాస్త్రం అంటారు. ఇందులో చాలా పరిశోధనలు కొన్ని వందల మందిని ఒకటి రెండుసార్లు అడిగి, ఎక్కువ నడిచేవాళ్ళకు ఒత్తిడి తక్కువగా ఉందా అని పోలుస్తాయి. ఒక్క మనిషి పరిశీలన డేటా దీనికి అడ్డం తిరిగిన పని. ఒకే మనిషిని అనేక రోజులు, ఏ అలవాటూ మార్చమనకుండా, ఉన్నది ఉన్నట్టు నమోదు చేస్తారు. ఇక్కడ మనుషుల సంఖ్య ఒకటే, కొలతల సంఖ్య మాత్రం 60 కావచ్చు, 600 కావచ్చు.

ఈ రెండు కోతలూ ఒకే జవాబు ఇవ్వాలని లేదు. లెక్క కోసం ముగ్గురిని ఊహించుకుందాం. మొదటి మనిషి రోజుకు సగటున 3,000 అడుగులు నడుస్తుంది, టెన్షన్ 10కి 7. రెండో మనిషికి 6,000 అడుగులు, టెన్షన్ 5. మూడో మనిషికి 9,000 అడుగులు, టెన్షన్ 3. ముగ్గురినీ కలిపి చూస్తే నడక పెరిగినకొద్దీ టెన్షన్ తగ్గుతోంది. ఇప్పుడు మొదటి మనిషి డైరీ మాత్రమే తెరవండి. 2,000 అడుగుల రోజున టెన్షన్ 6, 3,000 అడుగుల రోజున 7, 4,000 అడుగుల రోజున 8. ఆమె బుర్ర వేడెక్కినప్పుడే చెప్పులేసుకుని బయటికి వెళ్తుంది కాబట్టి, ఆమె వరకు లెక్క తలకిందులైంది. రెండూ నిజమే, ఎందుకంటే రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

నెదర్లాండ్స్‌కు చెందిన గణాంక పరిశోధకురాలు ఎలెన్ హామేకర్ దీనికి టైపింగ్ ఉదాహరణ చెబుతారు. జనంలో చూస్తే వేగంగా టైప్ చేసేవాళ్ళకే తప్పులు తక్కువ, చేయి తిరిగినవాళ్ళు కాబట్టి. అదే ఒక మనిషిని తన మామూలు వేగం కంటే తొందరపెడితే తప్పులు పెరుగుతాయి. గుండె విషయంలోనూ అంతే. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్ళకు మొత్తం మీద గుండెపోటు ముప్పు తక్కువ, కానీ ఒంటికి విపరీతమైన శ్రమ పెట్టిన ఆ కాసేపు మాత్రం ఆ మనిషికి ముప్పు కొంత పెరుగుతుంది.

ఊరి సగటు నాకు ఎప్పుడు వర్తిస్తుంది?

ఒక్క మనిషిని చదవడం కొత్త ఆలోచన కాదు. 1885లో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ మరుపు ఎలా జరుగుతుందో తన మీదే కొలిచి పుస్తకం వేశాడు. 1937లో అమెరికాలో గోర్డన్ ఆల్‌పోర్ట్ మనస్తత్వశాస్త్రం సగటు మనిషి వెంటపడి అసలు మనిషిని మర్చిపోతోందని వాదించాడు. ఆ తర్వాత చాలాకాలం గుంపు సగటుల రాజ్యమే నడిచింది.

2004లో మనస్తత్వ పరిశోధకుడు పీటర్ మోలెనార్ ఈ తగువును గణితంలోకి తెచ్చాడు. భౌతికశాస్త్రంలో ఎర్గాడిక్ అనే మాట ఉంది. అనేకమందిని ఒక్క రోజు కొలిచినా, ఒకరిని అనేక రోజులు కొలిచినా ఒకే రకం అంకెలు వస్తే ఆ వ్యవస్థ ఎర్గాడిక్. దానికి రెండు షరతులున్నాయి. అందరూ ఒకే సూత్రం ప్రకారం నడవాలి, ఆ సూత్రం కాలంతో మారకూడదు. గాలిలోని అణువుల గురించి ఇలా అనుకోవచ్చేమో గానీ, ఎదిగే, నేర్చుకునే, ముసలివాళ్ళయ్యే మనుషుల విషయంలో ఈ రెండు షరతులూ నిలవడం కష్టమని మోలెనార్ వాదన. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటాం కదా, ఆయన లెక్కలో దాదాపు అందరం ఉలిపికట్టెలమే.

2018లో ఆరన్ ఫిషర్ బృందం 6 అధ్యయనాల డేటా తీసి చూసింది. సగటులు దగ్గరదగ్గరగా ఉన్నా, మనుషుల లోపలి హెచ్చుతగ్గులు గుంపులో కనబడే వాటికంటే 2 నుంచి 4 రెట్లు ఎక్కువగా వచ్చాయి. దీన్ని పట్టుకుని కొందరు గుంపు పరిశోధనలన్నీ దండగ అనేదాకా వెళ్ళారు. మరుసటి ఏడాది అదే పత్రికలో దానికి బదులు వచ్చింది. ఎర్గాడిక్ అయితే గుంపు నుంచి మనిషికి అన్వయించవచ్చన్నది నిజమే, కానీ ఎర్గాడిక్ కాకపోతే అసలు అన్వయించలేమని దాని అర్థం కాదు అన్నారు. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. బీపీ మాత్ర వేలమంది మీద పనిచేసిందంటే పెదనాన్న మీద కూడా పనిచేసే అవకాశం బాగానే ఉంది. ఫోన్ వస్తే ఆయనకు ఏమవుతుందో మాత్రం ఆ వేలమందిని అడిగి ప్రయోజనం లేదు.

60 రోజులు నిజంగా 60 కాకపోవడం

60 మందిని అడిగితే ఒకరి జవాబుకూ ఇంకొకరి జవాబుకూ సంబంధం ఉండదు. 60 రోజులు అలా కాదు. నిన్నటి చిరాకు ఇవాళ కొంత మిగులుతుంది, ఇవాళ్టి జలుబు రేపూ ఉంటుంది. నిన్నటి అంకె తెలిస్తే ఇవాళ్టిది కొంతవరకు ఊహించగలగడాన్ని ఆటోకారిలేషన్ అంటారు. అస్సలు ఊహించలేకపోతే దాని విలువ 0, పూర్తిగా ఊహించగలిగితే 1.

దీన్ని పట్టించుకోకపోతే జరిగే నష్టాన్ని లెక్కేసి చూడవచ్చు. టెన్షన్‌కు ఆటోకారిలేషన్ 0.5 అనుకుందాం. అప్పుడు సగటు టెన్షన్ ఎంత కచ్చితంగా తెలుస్తుందో చెప్పడానికి 60ని (1 − 0.5)తో గుణించి (1 + 0.5)తో భాగించాలి. వచ్చేది 20. అంటే 60 రోజులు రాసినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 రోజులంత సమాచారమే చేతిలో ఉంది.

రెండు విషయాల మధ్య సంబంధం చూసేటప్పుడు సూత్రం కొంచెం మారుతుంది. అక్కడ రెండింటి ఆటోకారిలేషన్‌లనూ గుణించి వాడతారు. నిద్రకూ 0.5, టెన్షన్‌కూ 0.5 ఉంటే వాటి లబ్ధం 0.25. 60 × 0.75 ÷ 1.25 చేస్తే 36. ఇప్పుడు డైరీలో నిద్రకూ టెన్షన్‌కూ సహసంబంధం (రెండూ ఎంత కలిసికట్టుగా మారుతున్నాయో చెప్పే అంకె) 0.30 వచ్చిందనుకోండి, ప్లస్సా మైనస్సా అన్న సంగతి పక్కన పెట్టి. నిజంగా 60 కొలతలైతే మామూలు కొలబద్ద ప్రకారం (సంబంధం ఏమీ లేకపోయినా నూటికి అయిదుసార్లు మాత్రమే దాటే గీత అది) 0.25 దాటితే చాలు, "ఇది ఉత్త యాదృచ్ఛికం కాకపోవచ్చు" అంటాం. 36 కొలతలకు ఆ గీత 0.33 దగ్గర ఉంటుంది. అదే 0.30 మొదటి లెక్కలో పాసైంది, రెండో లెక్కలో ఫెయిలైంది. ఆటోకారిలేషన్‌లు 0.7 చొప్పున ఉంటే 60 కాస్తా 20కి దిగి, గీత 0.44కి ఎగబాకుతుంది.

అందుకే ఈ రంగంలో మామూలు సహసంబంధంతో సరిపెట్టుకోకుండా డైనమిక్ రిగ్రెషన్ వాడమంటారు. 2017లో బ్రిటన్‌లో రూటె వియెరా బృందం ఆరోగ్య మనస్తత్వశాస్త్రం వాళ్ళ కోసం దీన్ని వివరంగా రాసింది. పేరు గంభీరంగా ఉన్నా సంగతి తేలికే, నిన్నటి అంకెను కూడా సమీకరణంలో కూర్చోబెట్టడం. ఒక స్కూలు టీచరమ్మ డైరీ నుంచి ఇలా వచ్చిందనుకుందాం: ఇవాళ్టి టెన్షన్ = 2 + 0.5 × నిన్నటి టెన్షన్ + 0.3 × (7 గంటలకు తగ్గిన నిద్ర). నిన్న టెన్షన్ 6, రాత్రి నిద్ర 7 గంటలు అయితే ఇవాళ 5. నిద్ర 5 గంటలే అయితే 5.6. ఆ అదనపు 0.6 ఇవాళ్టితో పోదు, రేపు 0.3గా, ఎల్లుండి 0.15గా మిగిలి, మొత్తం కలిపితే 1.2 అవుతుంది. ఒక్క రాత్రి నిద్ర బాకీకి వడ్డీ ఎంతో చెప్పే ఈ లెక్క గుంపును ఒకసారి అడిగే సర్వేలో దొరకదు. సమీకరణం రాశాక మిగిలిన తేడాల్లో ఇంకా నిన్నటి నీడ ఉందేమో కూడా చూస్తారు. ఉంటే మోడల్ ఇంకా సరిగ్గా కుదరలేదని అర్థం.

రెండూ ఎండతో పాటే పెరిగితే

ఆ టీచరమ్మ డైరీ ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు రాసిందనుకోండి. మన దగ్గర అది పరీక్షల కాలం. టెన్షన్ వారం వారం పెరుగుతుంది. ఎండ కూడా ముదురుతుంది కాబట్టి సాయంత్రం నడక తగ్గుతుంది. రెండు గీతలనూ పక్కపక్కన పెడితే నడక తగ్గడం వల్లే టెన్షన్ వచ్చిందన్నంత అందంగా కనబడతాయి. అసలు సంగతి, రెండింటినీ లాక్కెళ్తున్నది క్యాలెండరు.

ఈ మోసాన్ని 1926లో బ్రిటిష్ గణాంకవేత్త ఉడ్నీ యూల్ ఒక లెక్కతో బయటపెట్టాడు. 1866 నుంచి 1911 వరకు ఇంగ్లండ్, వేల్స్‌లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళ వాటాకూ మరణాల రేటుకూ సహసంబంధం 0.95 వచ్చింది. చర్చిలో పెళ్ళిళ్ళు తగ్గితే జనం బతుకుతారని దానర్థం కాదు. ఆ దశాబ్దాల్లో రెండూ తగ్గుతూ పోయాయి, అంతే. కాకి వాలడం, తాటిపండు రాలడం అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పిన కథే ఇది.

మందు ఏమిటంటే, మొత్తం మీద ఎక్కే దిగే ఆ గీతను ముందు తీసేసి, దాని చుట్టూ రోజువారీ ఊగిసలాటను మాత్రమే పోల్చడం. ఇక్కడ పండితుల మధ్య చిన్న పేచీ ఉంది. నడక నిజంగానే నెమ్మదిగా, వారాల తరబడి మనసు మీద పనిచేసేదైతే, ఆ గీతతో పాటు దాని ప్రభావాన్నీ తీసి పారేసినట్టే. తీయకపోతే యూల్ పెళ్ళిళ్ళ కథ. రెండు రకాలుగానూ లెక్కగట్టి రెండూ చూపించేవాళ్ళను నేను ఎక్కువ నమ్ముతాను. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఇంకో చిక్కు. నిద్ర లేచే వేళ, భోజనం, నడక అన్నీ ఒక్క రోజులో మారిపోతాయి. సాఫీగా గీసిన గీత ఆ మెట్టును పట్టుకోలేదు. "ఒంటిపూట ముందు, తర్వాత" అని డైరీలో ఒక గడి వేరేగా ఉండాలి.

ఆదివారం చిక్కు

ఇక పెదనాన్న డైరీ. 60 రోజుల్లో 9 ఆదివారాలు. అన్నయ్య ఫోన్ వచ్చింది 7 సార్లు, అన్నీ ఆదివారం పొద్దున్నే, అక్కడ శనివారం రాత్రి కాబట్టి. ఫోన్ వచ్చిన ఆ 7 రోజుల పై అంకె సగటు 146. ఫోన్ లేని మామూలు రోజులు 51, వాటి సగటు 138. తేడా 8, కొట్టిపారేసేది కాదు. కానీ ఫోన్ రాని ఆదివారాలు రెండున్నాయి. వాటిలో 144, 147.

ఆదివారం ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముందు రాత్రి సినిమా చూసి ఆలస్యంగా పడుకుంటారు. పొద్దున వాకింగ్ ఉండదు. మాత్ర తొమ్మిదింటికి గానీ గుర్తు రాదు. ఇన్ని కలిసి వచ్చే రోజున ఫోన్‌ను మాత్రమే వేరుచేసి చూపించే గణితం ఏదీ లేదు, ఎందుకంటే ఆదివారం కాని రోజు ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు. ఆ రెండు ఆదివారాలు ఫోన్ తప్పు కాదేమో అని గుసగుసలాడుతున్నాయి గానీ రెండు కొలతలు సాక్ష్యానికి చాలవు.

ఇక్కడే ఒక్క మనిషి డేటాకు ఉన్న గొప్ప సౌకర్యం కూడా చెప్పాలి. 60 రోజుల్లో పెదనాన్న వయసు, జన్యువులు, చదువు, పుట్టిన ఊరు మారలేదు. గుంపు పరిశోధనల్లో తలనొప్పి తెచ్చే ఇలాంటి తేడాలు ఇక్కడ వాటంతటవే కొట్టివేతకు గురవుతాయి, మనిషి తనకు తానే పోలిక. 1991లో మాల్కమ్ మక్లూర్ ఈ ఆలోచన మీదే ఒక పద్ధతి కట్టాడు. గుండెపోటు వచ్చిన మనిషి దానికి కాస్త ముందు ఏం చేస్తున్నాడో, అదే మనిషి మిగతా వేళల్లో ఏం చేస్తుంటాడో పోలుస్తారు. అయితే రోజురోజుకూ మారేవి, అంటే వారం, జీతం తేదీ, నెలసరి, పండగ, ఎండ, ఇవన్నీ అలాగే మిగిలిపోతాయి. వాటిని రాసుకుంటేనే లెక్కలోకి వస్తాయి.

ముందు చాక్లెటా, ముందు తలనొప్పా?

మైగ్రేన్ ఉన్నవాళ్ళు చాలామంది చాక్లెట్ తింటే తలనొప్పి వస్తుందంటారు. డైరీ చూస్తే నిజంగానే చాక్లెట్ ముందు, నొప్పి వెనక. కానీ నొప్పి మొదలవడానికి గంటల ముందే మైగ్రేన్ ఒంట్లో పని మొదలుపెడుతుంది. ఆవలింతలు, చిరాకు, కొన్ని తిండి పదార్థాల మీద మనసు లాగడం ఆ దశలో ఉంటాయి. చాక్లెట్ తినాలనిపించడమే రాబోయే నొప్పికి మొదటి గుర్తు కావచ్చు. 1997లో అమెరికాలో రుచి తేడా తెలియకుండా చాక్లెట్, దాని బదులు క్యారబ్ (చాక్లెట్‌కు బదులుగా వాడే ఒక కాయ పొడి) ఇచ్చి చూసిన ప్రయోగంలో చాక్లెట్ నొప్పిని ఎక్కువగా రప్పించలేదు.

కాబట్టి ఏది ముందు జరిగిందో తెలియడం అవసరమే గానీ, అంతటితో కారణం తేలదు. చాలా యాప్‌లు ఆ అవసరమైన మెట్టు కూడా ఎక్కవు. రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి "నిన్న నిద్ర ఎలా పట్టింది, ఇవాళ టెన్షన్ ఎంత" అని అడిగితే, ఇవాళ్టి చిరాకే నిన్నటి నిద్రకు మార్కులు తగ్గించవచ్చు.

రాయని రోజులు, మళ్ళీ చూసిన రోజులు

బాగా ఒత్తిడిగా ఉన్న రోజే డైరీ రాయడం మరుస్తాం. అంటే ఖాళీలు ఎక్కడపడితే అక్కడ పడవు, ఏ రోజుల కోసం డైరీ పెట్టామో ఆ రోజుల్లోనే పడతాయి. ఖాళీల్లో సగటు అంకె నింపేస్తే చెడ్డ రోజులు మామూలు రోజుల వేషం వేసుకుంటాయి.

పెదనాన్న ఇంకో పని చేసేవారు. 150 దాటితే "మిషన్ సరిగ్గా కట్టలేదు" అని అయిదు నిమిషాలాగి మళ్ళీ చూసి, తగ్గిన అంకెను రాసేవారు. ఏ కొలతైనా ఒకసారి బాగా ఎక్కువ వస్తే తర్వాతిది సగటు వైపు జారడం సహజం. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో చూపించింది ఇదే. మళ్ళీ చూడడం తప్పు కాదు. ఎక్కువ వచ్చినప్పుడే మళ్ళీ చూడడంతో వస్తుంది తంటా.

ఒకే డేటా, 12 జవాబులు

ఒక్క మనిషి డేటా నుంచి నిజంగా ఆశ పుట్టించిన అధ్యయనం నెదర్లాండ్స్‌ది. డిప్రెషన్ చరిత్ర ఉన్న 57 ఏళ్ళ మనిషి తన మందును మెల్లగా తగ్గించుకుంటూ, 239 రోజుల పాటు రోజుకు 10 సార్ల దాకా తన మనసు ఎలా ఉందో నమోదు చేశాడు. 2016లో అచ్చైన ఆ ఫలితాల్లో, డిప్రెషన్ తిరగబెట్టక ముందే ఆటోకారిలేషన్ పెరగడం కనబడింది. అంటే మనసు ఒక దెబ్బ నుంచి తేరుకోవడానికి ముందుకంటే ఎక్కువ సేపు తీసుకుంటోంది. ఇందాక లెక్కను చెడగొడుతుందని మనం తిట్టుకున్న ఆటోకారిలేషనే ఇక్కడ హెచ్చరిక గంట అయింది. తర్వాత మరికొందరి మీద వెతికితే ఆ గంట అందరిలోనూ మోగలేదు.

2020లో ఇంకో సంగతి బయటపడింది. ఒకే రోగి డేటాను 12 పరిశోధక బృందాలకు ఇచ్చి, చికిత్స ఏ సమస్య మీద పెట్టాలో చెప్పమన్నారు. ఒక్కటి కూడా చెప్పలేమన్న బృందం నుంచి 16 చెప్పిన బృందం దాకా ఉన్నాయి. ఎవరూ మోసం చేయలేదు. ఖాళీలు ఎలా నింపాలి, గీత తీయాలా వద్దా, ఎన్ని గంటల వెనక్కి చూడాలి అన్న చోట ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. వాచీ పంపే మెసేజ్ వెనక కూడా ఇలాంటి ఎంపికలు ఉంటాయి, అవి మనకు కనబడవు. పైగా 20 విషయాలు కొలిచి ప్రతి జంటనూ పోలిస్తే 190 పోలికలు. నూటికి అయిదు చొప్పున తొమ్మిదో పదో ఏ సంబంధం లేకపోయినా "దొరుకుతాయి".

అందుకే కొందరు అనేకమంది డైరీలను కలిపి మల్టీలెవెల్ మోడల్ కట్టమంటారు. తక్కువ రోజులు రాసిన మనిషి అంకెలను గుంపు వైపు కొంచెం లాగి స్థిరం చేస్తుంది అది. మోలెనార్ వైపు వాళ్ళకు ఆ లాగడమే నచ్చదు, ఉలిపికట్టెను మళ్ళీ ఊరి దారిలోకి తోసినట్టని. 30 రోజుల డైరీకి మొదటివాళ్ళ మాట, 300 రోజుల డైరీకి రెండోవాళ్ళ మాట బలంగా ఉంటాయని నా అంచనా.

చూస్తూ కూర్చోవడం, బొమ్మాబొరుసు వేయడం

పరిశీలనతో తేలనిది ప్రయోగంతో తేలవచ్చు. 1986లో కెనడాలో గోర్డన్ గయ్యాట్ బృందం ఉబ్బసం ఉన్న ఒకే రోగికి మందు, ఉత్తుత్తి మందు మార్చి మార్చి, ఏది ఎప్పుడు ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఇచ్చి, ఏది పనిచేస్తోందో చూసింది. 2011లో, ఏ రకం వైద్య సాక్ష్యం ఎంత గట్టిదో వరసపెట్టే ఆక్స్‌ఫర్డ్ సాక్ష్యాల పట్టికలో చికిత్స పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఇలాంటి ప్రయోగాలను అనేక ప్రయోగాలను కలిపి చూసే సమీక్షలతో పాటు పై వరసలో పెట్టారు. అయితే మాత్రను దాచి ఇవ్వవచ్చు గానీ, నిద్రనూ నడకనూ కొడుకు ఫోన్‌నూ దాచి ఇవ్వలేం. నిద్ర బాకీ ప్రభావం రెండు మూడు రోజులు మిగిలిపోతుంది కాబట్టి ఇవాళ ఆపి రేపు మొదలుపెట్టడమూ కుదరదు. పరిశీలన డేటా అవసరం తీరిపోకపోవడానికి కారణం ఇదే.

పెదనాన్న విషయంలో దారి లేకపోలేదు. రోజూ ఒకే వేళకు, వచ్చిన మొదటి అంకెనే రాయమన్నాను. ఫోన్ ఏ రోజు చేయాలో అన్నయ్య బొమ్మాబొరుసు వేసి తేల్చుకోవాలని, అప్పుడు ఆదివారం నుంచి ఫోన్ విడిపోతుందని చెప్పాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోది విని కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"కొడుకు ఫోన్‌కు బొమ్మాబొరుసేమిట్రా? వాడు ఆదివారమే చేస్తాడు. బీపీ సంగతి బీపీదే."